పిలకబాతు కోసం కృష్ణ ఒడ్డున: బెజవాడలో అరుదైన మునుగుడు బాతును వెతకడం ఎలా?

"నల్లగా ఉంటదండీ. పక్కన తెల్లగా. మునిగిందంటే ఇంకెక్కడో తేలుద్ది."

పున్నమి ఘాట్ మెట్ల మీద వల దులుపుకుంటున్న పెద్దాయన చెప్పిన ఆనవాళ్ళు ఈ మూడే. అవే చాలు. నలుపు నీటికాకికీ ఉంది, బొల్లికోడికీ ఉంది. పక్కన తెల్లటి పట్టీ ఆ రెంటికీ లేదు. ఇక మునిగి మేయడం మన ఊరి చెరువుల్లో తిరిగే మామూలు బాతులు చేసే పని కాదు. మూడూ ఒకే పిట్టకు కలిశాయంటే ముందు గుర్తుకు రావాల్సింది టఫ్టెడ్ డక్. మగబాతుకు తల వెనక వేలాడే కుచ్చు ఉంటుంది, అందుకని మా ఇంట్లో దాన్ని పిలకబాతు అంటాం. ఇక్కడా ఆ పేరే వాడతాను.

బెజవాడ నది ఒడ్డున ఇది రోజూ కనిపించే పిట్ట కాదు. ఏళ్ళ తరబడి తిరిగిన నాకు రెండుసార్లు మాత్రమే కుదిరింది. ఆ రెండుసార్లూ అదృష్టమేనని మా ఆవిడ అంటుంది. సగం ఒప్పుకుంటాను. మిగతా సగం పద్ధతి, అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆశను సరిచేసుకోండి

చాలామంది నన్ను అడిగేది సముద్రపు బాతు గురించి. ఐడర్లు, స్కోటర్లు, లాంగ్ టెయిల్డ్ డక్, గోల్డెన్ ఐ, మెర్గాన్సర్లు, ఇవీ అసలు సముద్రపు బాతులు. ఉత్తరాన చల్లటి దేశాల్లో గుడ్లు పెట్టి, చలికాలం బాల్టిక్, ఉత్తర సముద్రం లాంటి చోట్ల గడుపుతాయి. వీటిలో పెద్ద మెర్గాన్సర్ హిమాలయాల నుంచి దిగి, కొండల కింది నదుల్లో చలికాలం ఉంటుంది. మన కృష్ణ హంసలదీవి దగ్గర కలిసేది గోరువెచ్చటి బంగాళాఖాతంలో. ఆ ఊరి పేరులో హంస ఉంది కదా అని ఐడర్ రాదు.

కాబట్టి బెజవాడలో వెతకదగ్గది సగం సముద్రపు బాతు. దాని పేరు గ్రేటర్ స్కాప్. టండ్రా ప్రాంతంలో గుడ్లు పెట్టి, చలికాలం ఎక్కువగా సముద్ర తీరాల్లో గుంపులుగా ఉంటుంది. మన దేశానికి రావడం చాలా అరుదు. పిలకబాతుకు వరసకు దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. ఎప్పుడైనా దారి తప్పి వచ్చిందంటే తన చుట్టాల మధ్యే కూర్చుంటుంది. అంచేత పిలకబాతును వెతకండి. దొరికిన ప్రతి పిలకబాతునూ "ఇది స్కాప్ కాదు కదా?" అని ఇంకోసారి చూడండి.

ఎప్పుడు వెళ్ళాలి

వలస బాతులు అక్టోబరు, నవంబరులో దిగడం మొదలుపెట్టి మార్చి, ఏప్రిల్ కల్లా వెళ్ళిపోతాయి. అయితే అక్టోబరులో ఉత్సాహపడి వెళ్ళకండి. గుడ్ల కాలం అయ్యాక మగబాతులు ఈకలు రాల్చుకుని కొంతకాలం ఆడవాటిలాగే గోధుమ రంగులో ఉంటాయి. ఆ వేషంలో పిలకబాతును దూరం నుంచి గుర్తుపట్టడం కొత్తవాళ్ళకు అయ్యే పని కాదు. డిసెంబరు వచ్చేసరికి నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా తేలుతుంది.

పైగా అక్టోబరు చివర, నవంబరు అంటే మనకు కార్తీకం. తెల్లవారుజామున నాలుగింటికే ఘాట్లన్నీ జనం, దీపాలు, అరటి దొప్పలు. పుణ్యానికి మంచి కాలమే, బాతులకు కాదు. డిసెంబరులో భవానీ దీక్షల విరమణ రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల అడుగు పెట్టలేం, ట్రాఫిక్ మళ్ళిస్తారు. ఆ నాలుగైదు రోజులు వదిలేసి, డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి సగం దాకా పెట్టుకోండి. నా మటుకు సంక్రాంతి వారమే సరైన వారం. ఊరు సగం ఖాళీ అవుతుంది, నది మీద సందడి తగ్గుతుంది.

జనవరిలో మనకు ఆరూ నలభై ప్రాంతంలో సూర్యోదయం. మంచు పట్టిన రోజున ఏడున్నర దాకా భవానీ ద్వీపం చెట్లే కనిపించవు, కంగారుపడి తిరిగి రాకండి. అసలు పని మంచు విడిచిన క్షణం నుంచి తొమ్మిది దాకా. తర్వాత నీటి మీద వేడి గాలి ఆడటం మొదలవుతుంది. టెలిస్కోపులో చూస్తే బాతు ఉడుకుతున్న గంజిలో మెతుకులా కదులుతుంది.

ఎక్కడ నిలబడాలి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజి 1957 నాటిది. 70 గేట్లు, 1.2 కిలోమీటర్లకు పైగా పొడవు. దీని వెనక 12 అడుగుల మట్టంలో మూడు టీఎంసీలకు కాస్త పైగా నీళ్ళు నిలుస్తాయి. కాలువలకు నీళ్ళివ్వడానికి కట్టిన ఈ బ్యారేజి నగరం నడిబొడ్డున ఒక చెరువును కూడా తయారుచేసి పెట్టింది. మునుగుడు బాతుకు కావలసింది అదే. మరీ లోతు లేని నిలకడ నీళ్ళు, అడుగున నత్తలు, ఆల్చిప్పలు, పురుగులు, నాచు. దిగువన పద్మావతి ఘాట్, కృష్ణలంక, కనకదుర్గ వారధి వైపు గేట్లు మూసిన కాలంలో మిగిలేవి ఇసుక తిన్నెలు, మధ్యలో మడుగులు. అక్కడ కొంగలు, ఉల్లంకులు, అదృష్టం ఉంటే చక్రవాకాలు కనిపిస్తాయి. అవీ చూడదగ్గవే. కానీ పిలకబాతు కోసం అయితే ఎగువకే వెళ్ళండి.

ఇప్పుడు వెలుతురు సంగతి. నది ఇక్కడ సుమారుగా పడమర నుంచి తూర్పుకు వస్తుంది. బెజవాడ ఉత్తరపు ఒడ్డున, సీతానగరం, ఉండవల్లి దక్షిణపు ఒడ్డున ఉన్నాయి. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానికి ఒరిగే నడుస్తాడు. అంటే బెజవాడ ఘాట్ మీద నిలబడి నది అడ్డంగా చూస్తే ఎండ మీ కళ్ళలోనే. నీళ్ళు స్టీలు పళ్ళెంలా మెరుస్తాయి, దాని మీద ప్రతి పిట్టా నల్లచుక్కే. నల్లబాతు కోసం వచ్చి అన్ని పిట్టలూ నల్లగా కనిపించే చోట నిలబడితే ఇంకేం దొరుకుతుంది? నేను మొదటి రెండు చలికాలాలు ఇంటికి దగ్గరని ఆ ఒడ్డునే నిలబడి పోగొట్టుకున్నాను.

అందుకని వరస ఇలా పెట్టుకోండి.

మొదట బ్యారేజి. బండి దాని మీద ఆపకండి. ఒడ్డున పెట్టి నడిచి వెళ్ళండి. పొద్దున్నే ఎగువకు, అంటే పడమటికి తిరిగి నిలబడితే ఎండ వీపు మీద పడుతుంది. ఆ గంట వెలుతురు మరెక్కడా దొరకదు. నగరం వైపు నుంచి గేట్లు లెక్కపెట్టుకుంటూ, పది గేట్లకు ఒకచోట ఆగండి. బాతు కనిపిస్తే "ఇరవయ్యో గేటుకు ఎదురుగా, ద్వీపం కొసకు ఇవతల" అని పక్కవాళ్ళకు చెప్పొచ్చు. "అదిగో, అక్కడ" అనే మాట నీటి మీద ఎందుకూ పనికిరాదు.

ఎనిమిది అయ్యేసరికి సీతానగరం ఘాట్‌కు చేరండి. అక్కడి నుంచి ఉండవల్లి మీదుగా కరకట్ట వెంట వెళ్తూ, చెట్ల సందులో నీళ్ళు కనిపించిన చోటల్లా ఐదు నిమిషాలు ఆగండి. వెలుతురు వీపు వెనకో, భుజం మీదో ఉంటుంది. ఒక జాగ్రత్త. కరకట్ట మీద ప్రముఖుల ఇళ్ళున్నాయి, పోలీసు కాపలా ఉంటుంది. బైనాక్యులర్స్ నది వైపే తిప్పాలి. ఎవరైనా ఆపితే చికాకుపడకుండా చేతిలోని బాతుల బొమ్మ చూపించండి. నన్ను ఆపిన కానిస్టేబుల్ గారు బొమ్మ చూసి "ఇది మా ఊరి చెరువులో బోలెడు" అన్నారు. ఆయన చెప్పింది బొల్లికోడి గురించి, అది వేరే సంగతి.

భవానీపురం, పున్నమి ఘాట్ మరో రోజుకు ఉంచుకోండి. ఒడ్డుకూ భవానీ ద్వీపానికీ మధ్య పాయలో నీళ్ళు కదలకుండా ఉంటాయి, గాలి ఉన్న రోజు బాతులు అందులోకి జరుగుతాయి. పర్యాటక బోట్లు మొదలయ్యాయా, ఇక ఆ పాయలో ఏమీ నిలవదు. కాబట్టి అక్కడికి అందరికన్నా ముందు చేరాలి. వెలుతురు బాగోని ఒడ్డే అయినా, పాయ సన్నం కాబట్టి పిట్ట దగ్గరగా కనిపిస్తుంది.

పాత నోట్సును గుడ్డిగా నమ్మకండి. 2024 సెప్టెంబరులో బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అలాంటి నీరు పోయాక తిన్నెలు చోటు మారతాయి, నాచు కొట్టుకుపోతుంది, గుర్రపుడెక్క కొత్త మూలల్లో పేరుకుంటుంది. ఏటా మొదటి ట్రిప్పులో బాతులు వెతక్కండి. నీటికాకులు ఎక్కడ మునుగుతున్నాయి, వలలు ఎక్కడ వేశారు, డెక్క ఎక్కడ ఆగింది, ఇవి మాత్రం చూసి రాసుకోండి.

చేతిలో ఏముండాలి

8×42 బైనాక్యులర్స్ చాలు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి మసక వెలుతురులోనూ పనికొస్తుంది. కానీ లెక్క చూడండి. ఒడ్డు నుంచి నది నడుమకు 600 మీటర్లు అనుకుంటే, ఎనిమిది రెట్లలో ఆ బాతు మామూలు కంటికి 75 మీటర్లలో ఉన్నట్టు ఉంటుంది. పిలకబాతు పొడవు 40 నుంచి 47 సెంటీమీటర్లు. 75 మీటర్ల దూరంలో మూరెడు పిట్ట ముక్కు కొస రంగు కనిపించదు. ముప్పై రెట్ల స్పాటింగ్ స్కోప్ అయితే అదే బాతు 20 మీటర్లకు వస్తుంది. కొనాలని కాదు. నలుగురు కలిసి వెళ్తే ఒకరి దగ్గరుంటే సరి. స్టాండు మాత్రం గట్టిది కావాలి, బ్యారేజి మీద లారీ పోకపోయినా గాలి పోతుంది.

టోపీ, నీళ్ళు, నోటు పుస్తకం, పెన్సిలు. ఫోన్‌లో రాసుకుంటానంటారు. మంచులో తడిసిన వేలికి తెర పలకదు.

మొదట మామూలు గుంపును నేర్చుకోండి

అరుదైనదాన్ని కనిపెట్టాలంటే రోజూ ఉండేవి నోటికి రావాలి. కనీసం రెండు ఉదయాలు వీటికే ఇవ్వండి.

నీటికాకి ఒళ్ళంతా నీళ్ళలో ముంచి, మెడ ఒక్కటే కర్రలా పైకెత్తి ఈదుతుంది. తర్వాత రాతి మీదెక్కి రెక్కలు ఆరబెట్టుకుంటుంది. బొల్లికోడి నల్లది, నుదుటి మీద సున్నం బొట్టు పెట్టినట్టు తెలుపు, ఈదుతూ తల ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. మునుగుతుంది కూడా, అందుకే ఎక్కువ మోసం చేసేది ఇదే. మునుగుడుకోడి పిడికెడు పిట్ట, తోక లేనట్టే ఉంటుంది. కాటన్ టీల్ మగది దూరానికి నలుపు తెలుపుగా కనిపించి గుండె ఆగేలా చేస్తుంది, కానీ దాని మొహం, మెడ తెల్లగా ఉంటాయి. పిలకబాతు తల, మెడ, రొమ్ము అంతా నలుపే.

తేలుడు బాతులకూ మునుగుడు బాతులకూ తేడా ఒకసారి పట్టుబడితే సగం పని అయినట్టే. మచ్చముక్కు బాతు లాంటి తేలుడు రకాలు తోక పైకెత్తి, తల కిందకు దించి మేస్తాయి. బెదిరితే నీటి మీద నుంచి నిట్టనిలువుగా లేస్తాయి. మునుగుడు రకాలకు కాళ్ళు బాగా వెనక్కి ఉంటాయి. అందుకే బరువుగా, నీటిలోకి కూరుకుపోయినట్టు కూర్చుంటాయి, తోక నీటికి ఆనుతుంది. లేవాలంటే నీటి మీద టపటపా కొంత దూరం పరుగెత్తాల్సిందే. ఆ పరుగు కిలోమీటరు దూరం నుంచైనా తెలుస్తుంది.

ఇక ప్రాణం లేని బాతులు. కిందటేడు జనవరిలో కరకట్ట మీద నుంచి చూస్తే, ద్వీపం కొసన నల్లటి ఒళ్ళు, పక్కన తెల్లటి పట్టీ, ముద్దగా కూర్చుని ఉంది. మునగటం లేదు. నిద్రపోతోందనుకున్నాను. పిలకబాతులు చలికాలం రాత్రిళ్ళు ఎక్కువగా మేసి పగలు ముడుచుకుని పడుకుంటాయి కదా, అంతా సరిపోయిందనిపించింది. ఇద్దరు మిత్రులకు ఫోన్ చేశాను. ఒకాయన డ్యూటీకి సెలవు చెప్పి గుంటూరు నుంచి బయల్దేరాడు. ఇరవై నిమిషాల తర్వాత పడవ ఒకటి వచ్చింది, అందులోని మనిషి వంగి నా బాతును మెడ పట్టుకుని పైకెత్తాడు. దాని కింద వల వచ్చింది. నల్ల కూల్‌డ్రింక్ సీసాకు తెల్ల టేపు చుట్టి బెండుగా కట్టుకున్నాడు పాపం. మిత్రుడికి ఉండవల్లి సెంటర్లో ఇడ్లీ, రెండు కాఫీలు ఇప్పించాల్సి వచ్చింది. అప్పటి నుంచి నాదొక నియమం: పిట్ట గాలికి ఎదురు తిరిగి కూర్చుందా, వరసగా పక్కపక్కన అలాంటివే సమాన దూరంలో ఉన్నాయా, ఈ రెండూ చూడకుండా ఫోన్ తియ్యను. బెండ్లు వరసలో ఉంటాయి, బాతులు ఉండవు.

చూపు నడిపే పద్ధతి

మునుగుడు బాతుతో చిక్కంతా ఒక్కచోటే ఉంది. మేస్తున్నప్పుడు అది సగం సేపు మన కంటికి ఉండదు. ఒక్కో మునక 15, 20 సెకన్లు. పైకి తేలి, నాలుగు ఊపిళ్ళు తీసుకుని, మళ్ళీ మునక. నాలుగు బాతులున్న చోట మీరు రెండు సెకన్లు చూసి పక్కకు జరిగితే ఒకటి కనిపించొచ్చు, ఏదీ కనిపించకపోవచ్చు. "చూశాను, లేదు" అని వెనక్కి వచ్చేసినవాళ్ళలో చాలామంది చూసింది బాతుల మీది నీళ్ళను.

కాబట్టి దూరాన్ని కాదు, కాలాన్ని కొలవండి. ఎదురుగా ఉన్న నీటిని గేట్లు, చెట్లు, కరెంటు టవర్ల గుర్తులతో ముక్కలు చేసుకోండి. ఒక్కో ముక్క బైనాక్యులర్స్‌లో ఒక చూపుకు పట్టేంత ఉండాలి. ఒక్కో ముక్క మీద నిమిషం నిలవండి. వాచీ చూసుకుని నిజంగా నిమిషం. మొదటి రోజు ఆ నిమిషం తరగదు. పక్కవాళ్ళు పది ముక్కలు దాటి వెళ్ళిపోతారు, పోనివ్వండి. నిమిషంలో మునిగిన ప్రతి బాతూ కనీసం ఒకసారి పైకి రావాల్సిందే.

ఎడమ నుంచి కుడికి ఒకసారి పూర్తయ్యాక, కుడి నుంచి ఎడమకు మళ్ళీ. మొదటిసారి దూరపు నీళ్ళు, రెండోసారి దగ్గరివి. కొత్తవాళ్ళు దగ్గరివి ఎలాగూ కనిపిస్తాయిలే అని వదిలేస్తారు. నా రెండో పిలకబాతు సీతానగరం మెట్లకు అరవై అడుగుల్లో ఉంది. అప్పటికి నేను అరగంటగా అవతలి ఒడ్డును గాలిస్తున్నాను.

బొల్లికోళ్ళ గుంపు కనిపిస్తే వదలకండి. మునుగుడు బాతు ఒంటరిగా వచ్చినప్పుడు గుంపును ఆనుకుని ఉంటుంది. గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. "ఓ రెండొందలు" అంటూ గంపగుత్తగా చూస్తే నల్లవాటిలో నల్లది కలిసిపోతుంది. లెక్కపెట్టేటప్పుడు కన్ను ఒక్కో పిట్ట మీదా ఆగుతుంది. నూట పదిహేడు, నూట పద్దెనిమిది, నూట పంతొమ్మిదోదానికి నుదుటి మీద తెలుపు లేదు, తెలుపు పక్కన ఉంది!

అలాగే గద్దలను గమనించండి. మార్ష్ హ్యారియర్ నీటి మీదుగా తక్కువ ఎత్తులో వచ్చిందంటే మూలమూలల్లో నక్కినవన్నీ ఒక్కసారి బయటపడతాయి. నేను అరగంటలో చేయలేనిది అది అర నిమిషంలో చేస్తుంది. ఎగిరినప్పుడు పిలకబాతు రెక్కల వెనక అంచున పొడవాటి తెల్లటి చార కనిపిస్తుంది, స్కాప్‌కూ అంతే.

దొరికిందనుకున్నాక

గంతులు వేయకముందు మూడు సంగతులు చూడండి: తల, వీపు, ముక్కు కొస.

మగ పిలకబాతుకు కళ్ళు పసుపు పచ్చగా మెరుస్తాయి, వీపు నల్లగా ఉంటుంది, తల వెనక పిలక వేలాడుతుంది. అప్పుడే మునిగి లేచినప్పుడు పిలక తడిసి మెడకు అంటుకుపోతుంది, కాస్త ఆగితే ఆరుతుంది. మగ స్కాప్‌కు పిలక లేదు, తల గుండ్రం, వెలుతురు పడితే పచ్చటి నిగారింపు, వీపు బూడిద రంగు. దూరానికి ముందూ వెనకా నలుపు, నడుమంతా తెలుపు అన్నట్టు ఉంటుంది. ముక్కు కొస చూడగలిగితే ఇంకా గట్టి ఆధారం. పిలకబాతుకు కొస వెడల్పుగా నలుపు, స్కాప్‌కు గోరంత చుక్క మాత్రమే.

ఆడవాటితోనే కష్టం. రెండూ గోధుమ రంగే. ఆడ స్కాప్‌కు ముక్కు మొదట చుట్టూ వెడల్పాటి తెల్ల మచ్చ ఉంటుంది. కొన్ని ఆడ పిలకబాతులకు కూడా అక్కడ కాస్త తెలుపు ఉంటుంది కాబట్టి ఆ మచ్చ ఒక్కటే చూసి స్కాప్ అని రాయకండి. తల ఆకారం, ముక్కు కొస కూడా కలవాలి. తోక కింద తెల్లగా మెరిస్తే ఫెరూజినస్ డక్ ఏమో చూడండి. దాని ఒళ్ళు చిక్కటి ఇటుక రంగు, మగదాని కన్ను తెలుపు. తల ఎర్రగా, వీపు బూడిదగా, రొమ్ము నల్లగా ఉంటే పోచార్డ్. అదీ సంతోషించదగ్గదే, ప్రపంచం మొత్తం మీద దాని సంఖ్య పడిపోతోంది. ఈ జాతుల మధ్య సంకరాలూ పుడతాయి. పొట్టి పిలక, బూడిద వీపు రెండూ ఉన్న బాతు కనిపిస్తే తొందరపడి పేరు పెట్టకండి. ఫోటోలు తీసి ఊరుకోండి.

ఫోటో బాగా రావాలని లేదు. ఫోన్‌ను స్కోప్ కంటికి ఆనించి తీసిన మసక బొమ్మయినా చాలు, పక్క తెలుపు, వీపు రంగు తెలిస్తే సరి. అదీ లేకపోతే నోటు పుస్తకంలో బాతు బొమ్మ గీసి రంగులు రాసుకోండి. నా బొమ్మలు చూసి మా అమ్మాయి "ఇది చెప్పు కదా నాన్నా?" అంటుంది. అయినా వీపు రంగు చెబుతుంది, అది చాలు.

అడగడం ఒక విద్య

నది మీద రోజూ ఉండేది మీరు కాదు, వల వేసేవాళ్ళు. వాళ్ళను అడగాల్సిందే, అడిగే తీరులోనే ఉంటుంది కిటుకు. "నల్లబాతు చూశారా, పిలక ఉంటుంది, పక్కన తెలుపు?" అని అడిగారనుకోండి, మీ మొహంలో ఆశ చూసి "ఆఁ, ఉన్నాయండి" అంటారు. అది అబద్ధం కాదు, మర్యాద. "బాబాయ్, ఈ మధ్య కొత్త పిట్టలేమన్నా దిగినయ్యా?" అని వదిలేయండి. ఆనవాళ్ళు వాళ్ళ నోటి నుంచే రావాలి. ఆ తర్వాత "మునుగుద్దా?", "లేచేటప్పుడు పరిగెత్తుద్దా?" అని అడగండి.

ఒక మాట దగ్గర జాగ్రత్త. "బాతులా? అదుగో, ఆ చెట్ల మీద బోలెడు" అని చూపిస్తే అవి గూడబాతులు. గూడబాతు అంటే పెలికాన్, సంచి ముక్కు పిట్ట. గుంటూరు పక్కన ఉప్పలపాడులో చెట్ల నిండా ఉండేవి అవే. పేరులో బాతు ఉంది గానీ మన బాతుకు చుట్టం కాదు.

చేయకూడనివి

దగ్గరగా చూడాలని చిన్న పడవలు మాట్లాడుకోకండి. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఎంతమంది పోయారో బెజవాడ వాళ్ళకు చెప్పక్కర్లేదు. ద్వీపానికి వెళ్ళాలనిపిస్తే లైఫ్ జాకెట్ ఇచ్చే బోటే ఎక్కండి. పైగా పడవ దగ్గరికి వెళ్తే బాతు లేచిపోతుంది. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పిట్టను ఒక ఫోటో కోసం మళ్ళీ లేపడం దేనికి? డ్రోన్ ఊసే వద్దు.

చచ్చిపడిన బాతు కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాలను బర్డ్ ఫ్లూ ఎంత దెబ్బ తీసిందో చూశాం. పశుసంవర్ధక శాఖ వాళ్ళకు చెప్పండి. ఎవరైనా ఉచ్చులు పెడుతుంటే అటవీ శాఖకు చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటి వేట నేరం. మీరే వెళ్ళి వాదనకు దిగకండి.

రాసిపెట్టడం

తిరిగొచ్చాక ఆ రోజే ఈబర్డ్‌లో (చూసిన పిట్టల లెక్కలు నమోదు చేసుకునే వెబ్‌సైట్) ఎక్కించండి. ఎక్కడ నిలబడ్డారు, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఏవి ఎన్ని. ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ నడుస్తోంది. ఆ రోజుల్లో లెక్కపెడితే మీ అంకెలు దానికీ పనికొస్తాయి. అరుదైన పిట్ట రాస్తే వివరం అడుగుతారు. కోపం తెచ్చుకోకండి, నన్నూ అడిగారు. "నల్లగా ఉంది కాబట్టి" అని రాశాను, ఒప్పుకోలేదు. రెండోసారి వీపు, పక్క, ముక్కు కొస, మునక ఎన్ని సెకన్లు అని రాస్తే ఒప్పుకున్నారు.

దొరకని రోజు కూడా రాయండి. నా పుస్తకంలో మొన్న జనవరి పేజీ ఇలా ఉంది:

సీతానగరం ఘాట్. 7:50 నుంచి 9:05. మంచు పోయింది, గాలి పడమర నుంచి, కొంచెం అలలు. బొల్లికోళ్ళు 143, ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. మునుగుడుకోళ్ళు 11. నీటికాకులు 60 పైన. గూడబాతులు 4. వల బెండ్లు రెండు వరసలు, ద్వీపం కొసన, ఒకటి నల్లది. హ్యారియర్ ఒకసారి వచ్చింది, కొత్తగా ఏమీ లేవలేదు. పిలకబాతు 0.